కట్టె వేసే చెయ్యి

పొగాకు బేరన్‌కి నిద్ర ఉండదు.
ఆకు పసుపెక్కే దాకా ఒక వేడి,
రంగు నిలిచే దాకా ఒక వేడి,
ఈనె పుల్లలా విరిగే దాకా ఇంకో వేడి.
అద్దంలోంచి లైటేసి డిగ్రీ చూసుకుంటా
పొయ్యి నోట్లోకి ఒక్కో కట్టె తోస్తా
ఐదు రాత్రులు కూర్చోవాలి ఒకడు.
పొదిలి చుట్టుపక్కల ఆ ఒకణ్ణి నేను.
ఎల్లమంద వేసిన మంటకు ఆకు నల్లబడదని పేరు.

నాదంటూ ఒక బేరన్ ఉండేది. అదీ కౌలుది.
దాన్ని కాల్చింది నా బావమరిది తిరుపాలు.
కాల్చాడంటే, నిప్పు పెట్టలా.
నాకు జరమొస్తే ఆ రాత్రికి వాణ్ణి కూర్చోబెట్టా.
నిద్రపోయాడు.
కర్ర జారి ఆకు గొట్టం మీద పడింది.
తెల్లారేసరికి నాలుగు గోడలు, నడుమ ఆకాశం.

వాడు నిద్రపోయింది ఒక్క రాత్రి.
నేను మేలుకుని ఉన్నది పదకొండేళ్ళు.

వాడి కూతురి పెళ్ళికి పోలా.
అత్త చనిపోతే ఆదెమ్మను ఒక్కదాన్నే బస్సెక్కించి
ఆ బస్సు వెనకద్దాన్ని కూడా
కోపంగా చూసినోణ్ణి.
పుట్టింటి మాట ఎత్తితే
నా కంచం గోడకు తగిలేది.
“అప్పు ఎప్పుడో తీరింది గదయ్యా” అనేది మెల్లగా.
తీరింది. సొసైటీ పుస్తకంలో తీరింది.

మొన్న మాఘంలో
చందవరం వైపు కట్టెల లోడుకు పోతే
ట్రాక్టరు పంచరై, ఊరికే గుట్టెక్కా.
పైన స్థూపం. ఇటుకలు, పలకరాళ్ళు, ఎండ.
కింద ఇసకలో సన్నగా గుండ్లకమ్మ.
కాపలా కాశింపీరా బీడీ ఆర్పి పలకరించాడు.
“దేవుడేడి భాయ్?”
“లేడు. ఇది బుద్ధుడి చోటు. ఆయన పోయాడు, మళ్ళీ రాడంట.”
“మరి మొక్కేది ఎవురికి?”
“అడగటానికి ఎవురూ లేరిక్కడ.
చుట్టూ తిరుగుతారు,
ఎక్కిన కాళ్ళతోనే దిగిపోతారు.
మేలుకున్నోడని ఆయన పేరుకర్థం.”
“నేనూ మేలుకునే ఉన్నా, పదకొండేళ్ళు” అన్నా.
పీరా నవ్వాడు.
“అది నిద్ర పట్టకపోవటంలే.”

నాకు నచ్చలా.
ఇంత ఎండలో ఎక్కితే
నెత్తి మీది బరువు ఎవురో ఒకరు దించొద్దా?
అయినా తిరిగా.
మొదటి చుట్టంతా తిరుపాలును తిట్టుకుంటా.
రెండో చుట్టులో తిట్టేదెవరో వినపడింది.
గొంతు నాది.
మూడో చుట్టు తిరగలా.
కింద ట్రాక్టరోడు హారన్ కొట్టాడు.

ఆ వారమే ఒక రెడ్డిగారి బేరన్‌లో చివరి రాత్రి.
ఈనె ఆరింది, మంట దించాలి.
నీళ్ళు పోస్తే కాలిన గొట్టం పగులుద్ది.
మట్టి కప్పితే లోపల్లోపలే రగులుద్ది.
చేసేదేం లేదు,
కట్టె వెయ్యటం మానుకోవటమే.

పొయ్యి వెలుగులో నా చెయ్యి చూసుకున్నా.
ముప్పయ్యేళ్ళుగా కట్టె వేసే చెయ్యి.
పొయ్యి అడక్కపోయినా లేచే చెయ్యి.

కాలిపోయిన బేరన్ వాడి లెక్క.
చేసుకుంటాడో మానుకుంటాడో వాడిష్టం.
ఇంకా కాలుతున్నది నాది.
దీనికి కట్టెలు మోసింది తిరుపాలు కాదు.
వాడొచ్చి కాళ్ళు పట్టుకున్నా
ఈ పొయ్యి నోరు వాడికి కనపడదు.
గుట్ట మీది ఆయన దిగొచ్చినా
పక్కన కూర్చుంటాడేమో గానీ
చెయ్యి నాదే.

వేలం రోజు, బేళ్ళ వరసల మధ్య
తిరుపాలు కనపడ్డాడు. జుట్టు నెరిసింది.
నన్ను చూసి టీ గ్లాసుతో అట్నే నిలబడిపోయాడు.
నా చెయ్యి కట్టె కోసం లేచింది.
చూశా. దించా.
మళ్ళీ లేచింది.
మళ్ళీ దించా.
మాట కలపలా. అంత గొప్పోణ్ణి కాదు.

ఇంటికొచ్చి అన్నా:
“మీ తమ్ముడు కుంటుతున్నాడు.
ఓసారి పోయి చూసి రా.”
చేట కింద పెట్టి
ఆదెమ్మ చాలాసేపు నా మొహం చూసింది.
“టిక్కెట్టు ఒకటా, రెండా?”

ఆ మాట దగ్గరే కూర్చున్నా,
రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని.